టీకాకి నాన్న ఎందుకు వెళ్లాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకి రెండు నెలలు. నా భార్య గుంటూరులో పుట్టింట్లో ఉంది, నేను ఉద్యోగం వల్ల విజయవాడలోనే. ఆరు వారాల టీకాకి వెళ్లినప్పుడు బరువు సరిగ్గా పెరగలేదన్నారట. అప్పటి నుంచి తను రోజూ ఏడుస్తోంది. మా అత్తగారేమో డబ్బా పాలు పట్టేద్దాం అంటున్నారు. పదో వారం టీకాకి నేనూ వెళ్లనా? వెళ్లి ఏం చేయాలి? — ఓ తండ్రి, పటమట

జవాబు: వెళ్లండి బాబూ, అడగాలా! వారధి మీద ట్రాఫిక్ ఉన్నా గంటన్నర ప్రయాణం, ముందే సెలవు పెట్టుకోండి. అర్బన్ హెల్త్ సెంటర్‌లో అయితే ఎక్కువగా బుధ, శనివారాల్లో వేస్తారు, అయినా ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి కనుక్కోండి.

తల్లీబిడ్డల కార్డు తీసుకెళ్లి, అందులో బరువు గీత ఎటు పోతోందో చూపించమనండి. పుట్టిన మొదటి వారంలో బిడ్డలు కాస్త తగ్గుతారు, పదో వంతు దాకా కూడా, మళ్లీ పుట్టినప్పటి బరువుకి రావడానికి రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాత మొదటి మూడు నెలలూ రోజుకి సుమారు 25-30 గ్రాములు పెరగాలి. ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పకుండా 'తక్కువుంది' అని ఒక్క మాట అనేసి పంపిస్తే ఏ తల్లికైనా టెన్షనే. ఒక్కసారి చూసిన బరువుతో తేల్చేయలేం. పాలు పడుతుండగా నర్సుని చూడమనండి, చాలాసార్లు బిడ్డ రొమ్ము పట్టుకునే తీరు సరిచేస్తే సరిపోతుంది. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఒంటికి పోస్తున్నాడా అన్నదీ చెప్పండి. డబ్బా పాల సంగతి అక్కడే తేల్చుకోండి, అత్తగారినీ లోపలికి తీసుకెళ్తే డాక్టరు మాట ఆవిడే వింటారు, ఇంట్లో మీరు వాదించక్కర్లేదు.

ప్రభుత్వ షెడ్యూల్లో పదో వారం ఉండేది ఒక్క ఇంజక్షనే, ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్. పోలియో, విరేచనాలు రాకుండా వేసే రోటా నోట్లో వేసేవి. సూది వేసేటప్పుడు పాలు పడుతుంటే నొప్పి తక్కువగా తెలుస్తుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, పారాసెటమాల్ ఎన్ని ఎమ్మెల్ పట్టాలో బరువుని బట్టి డాక్టరు చేత రాయించుకోండి, ఎందుకంటే డ్రాప్స్‌లో మందు సిరప్‌లో కంటే చాలా గాఢంగా ఉంటుంది. రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, బిడ్డ పాలు మానేసినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే చూపించండి.

ఇక మీ ఆవిడ. ఏడుపు, దిగులు రెండు వారాలు దాటితే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అయ్యే అవకాశం ఉంది, దానికి మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి. బిడ్డ నిద్రపోతున్నా తను పడుకోలేకపోతోందా, తిండి మానేసిందా, గమనించి అదే రోజు డాక్టరుకి మీరే చెప్పండి. తనని అడిగినా 'బాగానే ఉన్నాను' అంటుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనుందనో, బిడ్డని ఏమైనా చేస్తానేమోనని భయంగా ఉందనో అంటే మాత్రం టీకా రోజు దాకా ఆగకండి, ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.