ఆకులో వెండి గీతలు గీసేది మాత్ పురుగా, ఈగా? ఎలా తేల్చుకోవాలి?

నిమ్మ మొక్క లేత ఆకులపై వెండి పూత పూసినట్లు వంకర గీతలు కనిపించాయని, అవి మాత్ (సీతాకోకచిలుకను పోలిన రెక్కల పురుగు) పని అని ఒకరు, ఈగ పని అని మరొకరు చెప్పడంతో ఎటూ తేల్చుకోలేకపోతున్నానని మీరు రాశారు. గీతలు నిమ్మ ఆకుల మీద, అందులోనూ లేత ఆకుల మీదే ఉన్నాయి కనుక, అది దాదాపు నిశ్చయంగా ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అనే అతి చిన్న మాత్ పిల్ల పురుగు పనే. అయితే ఆ పేరుకన్నా, అక్కడికి చేరే దారి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం. ఆ దారిలో నేను ఒకసారి పూర్తిగా తప్పిపోయాను.

తొలిసారి ఇలాంటి ఆకులు నాలుగింటిని గాజు సీసాలో వేసి, మూత గట్టిగా బిగించాను. తేమ పేరుకొని రెండింటికి బూజు పట్టింది. కొద్ది రోజులకు మిగిలిన ఆకుల నుంచి నువ్వుగింజలో సగమైనా లేని, లోహపు మెరుపుతో ఉన్న రెండు కీటకాలు బయటికి వచ్చాయి. ఆకును తొలిచినవి ఇవేనని నోటుపుస్తకంలో ధీమాగా రాసుకున్నాను. అవి నిజానికి పిల్ల పురుగును తిని పెరిగిన పరాన్నజీవి కందిరీగలు. దొంగను పట్టుకొని ఇంటి యజమాని అనుకున్నట్లయింది నా పని. సీసాలోంచి ఏది వచ్చిందన్నదానికంటే ఆకులో ఏముందన్నదే నమ్మదగిన సాక్ష్యమని అప్పటి నుంచి నా అభిప్రాయం.

ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. మీ ఆకులో అయితే, పైకి లేచిన పలుచని పొర కింద గాలి చేరడం వల్ల వచ్చిన వెండి మెరుపు, దాని నడుమ నల్లదారంలా సాగే విసర్జన గీత, ఆ గీత కొసన చదునైన లేతపసుపు పురుగు కనిపించాలి. ఈ పురుగు ఆకు కండను నమలదు. పైపొరలోని కణాలను చీలుస్తూ వాటి రసం తాగుతుంది. నాలుగో దశకు చేరాక తినడం పూర్తిగా మానేసి, ఆకు అంచును పట్టుదారంతో మడిచి ఆ మడతలోనే ప్యూపాగా (రెక్కల పురుగు కావడానికి ముందు దశ) మారుతుంది. అందుకే అంచులు ముడుచుకున్న ఆకులను విప్పి చూడకుండా తెగులు అని తీర్మానించడం తొందరపాటు. బయటికి వచ్చే మాత్ రెక్కలు చాపినా 4 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. తెల్లని ముందు రెక్కల కొసన ఒక్కో నల్లని చుక్క ఉంటుంది.

అదే ఈగ పని అయితే, దాని పిల్ల పురుగుకు తలను కప్పే గట్టి పెంకు ఉండదు, నోటిలో నల్లని కొక్కేలు మాత్రమే ఉంటాయి. అది పక్కకు ఒరిగి తింటూ మధ్యమధ్య పక్క మారుస్తుంది కనుక, చాలా జాతులలో విసర్జన సొరంగం రెండు అంచుల వెంట మార్చి మార్చి పడుతుంది.

వర్గీకరణలో గందరగోళానికి అసలు కారణం ఏమిటంటే, ‘ఆకు తొలుచు పురుగు’ అన్నది వంశం పేరు కాదు, బతుకుతెరువు పేరు. మాత్‌లు, ఈగలు, పెంకు పురుగులు, రంపపు ఈగలు (పేరుకే ఈగలు, నిజానికి కందిరీగల బంధువులు) ఎవరికి వారుగా ఈ జీవితానికి అలవాటుపడ్డాయి. మాత్‌లలోనే ఎన్నో కుటుంబాలు ఈ పని చేస్తాయి. 1856లో కీటక శాస్త్రవేత్త స్టెయింటన్ వర్ణించిన మీ సిట్రెల్లా గ్రాసిలేరిడే కుటుంబానికి చెందినది. మాత్‌లన్నింటిలోకీ చిన్నవి నెప్టిక్యులిడే కుటుంబంలో ఉన్నాయి. వాటిలో కొన్ని రెక్కలు చాపితే 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వీటి పిల్ల పురుగు గుడ్డు అడుగు నుంచే నేరుగా ఆకులోకి దిగిపోతుంది కనుక, సొరంగం మొదట్లో గుడ్డు పెంకు మెరుస్తూ అంటుకొని ఉంటుంది. మరింత లోతైన తేడా ఆడ మాత్ శరీరంలో ఉంది: మాత్‌లలో అత్యధిక భాగానికి జతకట్టడానికి ఒకటి, గుడ్లు పెట్టడానికి ఒకటి చొప్పున రెండు ద్వారాలు ఉంటే, నెప్టిక్యులిడేలో రెండు పనులకూ ఒకటే ద్వారం. మీసం మొదలు వెడల్పై కంటిని టోపీలా కప్పడం కూడా వీటి గుర్తే అయినా, అది వేరే కుటుంబాలలోనూ కనిపిస్తుంది కాబట్టి దాని మీదే ఆధారపడవద్దు.

ఒకే ప్రజాతిలోని దగ్గరి జాతులను రెక్కల రంగుతో విడదీయడం చాలాసార్లు కుదరదు. పొట్ట భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మెత్తబరిచి, జననాంగాల నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి, లేదా డీఎన్ఏ బార్‌కోడ్ (జాతిని గుర్తుపట్టించే చిన్న డీఎన్ఏ భాగం) తీయాలి. మీకు అంత అవసరం రాదు. కానీ ఆకును దాచి ఉంచడం ఎంత విలువైనదో చూడండి: గుర్రపు చెస్ట్‌నట్ చెట్టు ఆకులను తొలిచే కామెరేరియా ఒహ్రిడెల్లా అనే మాత్ 1986లో కొత్త జాతిగా నమోదైతే, 1879లో గ్రీస్‌లో సేకరించి హెర్బేరియంలో (ఎండిన మొక్కల సేకరణలో) అదిమిపెట్టిన ఆకులలో దాని పిల్ల పురుగులు తరువాత బయటపడ్డాయి.

కనుక గీతలున్న ఆకును పారేయకుండా, మొక్క పేరు, తేదీ రాసి రెండు కాగితాల మధ్య నొక్కి ఉంచండి. పురుగు ఇంకా బతికి ఉన్న ఆకులను మాత్రం, నేను చేసినట్లు మూత బిగించకుండా, పలుచని గుడ్డ కట్టిన సీసాలో కొమ్మతో సహా ఉంచండి. విసర్జన గీత తెలిసేలా వెలుతురుకు ఎదురుగా తీసిన ఫొటో ఒకటి, మడతపడిన అంచును విప్పి తీసినది ఒకటి పెడితే, చూసి చెబుతాను.