మోచేతుల మీద మానని దురద: గోధుమ మానేసి చూడొచ్చా?

మీరు అడిగింది ఇదీ. రెండేళ్లుగా మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద దురద పొక్కులు. ఒంగోల్లో పూతమందులు ఎన్ని మార్చినా తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి. "మూడు వారాలు గోధుమ మానేసి చూడు, గ్లూటెన్ వల్లో కాదో తేలిపోతుంది" అని ఎవరో చెప్పారు. మానేయమంటారా అని.

ఇప్పుడే మానేయకండి. ముందు పరీక్ష, తర్వాతే మానడం. ఈ వరస తారుమారైతే అసలు సంగతి తేలడం చాలా కష్టం. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల వచ్చే దద్దు జబ్బు నాకూ ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

గ్లూటెన్‌తో సంబంధం ఖాయంగా రుజువైన దద్దుల్లో ముఖ్యమైనది డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్. 1884లో డూరింగ్ అనే అమెరికా డాక్టరు దీన్ని వర్ణించాడు. గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బుని సీలియాక్ అంటారు, అది చర్మం మీద కనిపించే రూపం ఇది. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ కడుపులోకి వెళ్తే, దానికి ప్రతిగా ఒంట్లో తయారైన ఐజీఏ అనే యాంటీబాడీలు చర్మం పైపొర కింద పేరుకుంటాయి. కడుపులో ఏ ఇబ్బందీ తెలియకుండా దురద ఒక్కటే ఉండేవాళ్లు చాలామంది. నాకూ విరేచనాలు, కడుపుబ్బరం ఏనాడూ లేవు. అందుకే పేగుల వైపు ఎవరి ఆలోచనా పోలేదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, ఇంట్లోవాళ్లకి ఆ భయం అక్కర్లేదు.

దీని తీరు కొంచెం వేరుగా ఉంటుంది. రెండు మోచేతులకీ, రెండు మోకాళ్లకీ జంటగా వస్తుంది. పిరుదులు, వీపు, తలలో కూడా. పొక్కు లేవకముందే ఆ చోట మంట, పొడిచినట్టు సలుపు మొదలవుతుంది. తర్వాత చిన్న నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి. అవి నిలబడేది ఎంతసేపు? రాత్రి నిద్రలో గోకేస్తాం, తెల్లారేసరికి చెక్కులు, నల్లమచ్చలే మిగులుతాయి. డాక్టరు చూసేది ఆ చెక్కుల్నే. కొత్త పొక్కు కనిపించగానే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి. నాకు పనికొచ్చినవి ఆ ఫోటోలే.

అయితే ప్రతి దురదకీ గోధుమ మీద నేరం మోపకూడదు. మన దక్షిణాదిలో సీలియాక్ అరుదు, ఉత్తరాది గోధుమ రాష్ట్రాల్లోనే ఎక్కువ. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి తామర, గజ్జి, ఎగ్జిమా. ఇంట్లో మిగతావాళ్లకీ రాత్రిళ్లు దురద ఉండి, వేళ్ల సందుల్లో పొక్కులుంటే ముందు గజ్జిని అనుమానించాలి. అంచు ఎర్రగా, గుండ్రంగా పాకుతుంటే తామర. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తెలిసిపోతుంది. మందుల షాపుల్లో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాస్తే తామర రూపే మారిపోయి ఎవరికీ అంతుపట్టదు. మీరు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. పొలం గట్లమీద తిరిగేవాళ్లకి మొహం, మెడ, చేతుల మీద దురదైతే వయ్యారిభామ మొక్కను కూడా లెక్కలో పెట్టుకోవాలి. గోధుమ తిన్న నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో దద్దుర్లు లేచి కాసేపటికి దిగిపోతే అది గోధుమ ఎలర్జీ కావచ్చు. దాని పరీక్షలు వేరు.

ఇక మూడు వారాల సంగతి. ఈ జబ్బు దానంతటదే కొన్నాళ్లు తగ్గి, కొన్నాళ్లు రేగుతుంది. గ్లూటెన్ పూర్తిగా మానినా చర్మంలో పేరుకున్న ఐజీఏ వెంటనే కరగదు. దద్దు శాంతించడానికి నెలలు, కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది. కాబట్టి మూడు వారాల్లో తగ్గితే గోధుమే కారణమనీ చెప్పలేం, తగ్గకపోతే కాదనీ చెప్పలేం. పైగా మానేశాక రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోతాయి, జబ్బున్నా పరీక్షలో లేనట్టే రావచ్చు. అప్పుడు మళ్లీ కొన్ని వారాలు గోధుమ తిని, దురదని కోరి తెచ్చుకుని పరీక్షకి వెళ్లాలి. ఆ యాతన మీకొద్దు.

రక్తపరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. దాంతోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడమనండి. కొందరికి ఒంట్లో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ, వాళ్లకి మొదటి పరీక్ష మామూలుగా వచ్చినా నమ్మలేం. ఈ దద్దు ఉన్నవాళ్లలో కొందరికి రక్తపరీక్షలో జబ్బు అసలు బయటపడదు కూడా. అందుకని అసలు తేల్చేది చర్మం బయాప్సీ. దీనిలో మెలకువ ఉంది. ముక్క తీయాల్సింది పొక్కు మీద నుంచి కాదు, దాని పక్కనే మామూలుగా కనిపించే చర్మం నుంచి. ఆ ముక్కకి డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరసెన్స్ అనే పరీక్ష చేస్తారు. మామూలు బయాప్సీలకి వాడే ఫార్మలిన్‌లో వేస్తే ఈ పరీక్షకి పనికిరాదు, వేరే ద్రావణంలో పంపాలి. ఈ సదుపాయం అన్నిచోట్లా ఉండదు. నేను కావలి నుంచి రైల్లో చెన్నై వెళ్లి చేయించుకున్నాను. మీకు తిరుపతి గానీ వేలూరు గానీ అనువైతే, బయల్దేరే ముందే ఫోను చేసి ఈ పరీక్ష అక్కడ చేస్తారా అని అడగండి.

ఒక్క చుక్క రక్తంతో వంద రకాల తిండి పడేదీ పడనిదీ చెప్తామనే ప్యాకేజీలు ఉన్నాయి. అవి ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీలు చూస్తాయి. ఆ తిండి మీరు తింటున్నారని చెప్పడానికే అవి పనికొస్తాయి, జబ్బు తేల్చవు. డబ్బు పోగొట్టుకోకండి.

నాకు జబ్బు తేలాక డాక్టరు డాప్సోన్ అనే మాత్ర రాశారు. రెండు మూడు రోజుల్లోనే దురద దిగింది. ఎన్నాళ్ల తర్వాతో తెల్లార్లూ నిద్రపోయాను. మందుల షాపులో "ఇది కుష్ఠు మందు కదా" అన్నారు. నిజమే, కుష్ఠుకీ ఇదే వాడతారు. అంతమాత్రాన మీకు కుష్ఠు ఉన్నట్టు కాదు, ఆ మాటకి జంకి మందు ఆపకండి. కానీ జీ6పీడీ పరీక్ష చేయించుకోకుండా ఈ మాత్ర మొదలుపెట్టకూడదు. ఆ ఎంజైము తక్కువ ఉన్నవాళ్లకి రక్తకణాలు చితికిపోతాయి. మొదలుపెట్టాక కూడా డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తం చూపించుకోవాలి. మాత్ర దురదని ఆపుతుందంతే, పేగుని బాగుచేయదు. దానికి తిండే మందు.

మనం అన్నం తినేవాళ్లం, గోధుమ ఎక్కడుంది అనిపిస్తుంది. నెల్లూరు బియ్యం తినే ఇంట్లో అది తలుపు చాటున ఉంటుంది. షుగరు భయంతో రాత్రిపూట చపాతీ, పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, టీలోకి బిస్కెట్లు, సేమియా, పరోటా, మైసూర్ బోండా అందరికీ తెలిసినవే. నాకు తట్టనిది ఇంగువ. కొట్లో దొరికే ఇంగువ చాలావరకు గోధుమపిండి కలిపిందే. డబ్బా వెనక చదివి, బియ్యప్పిండి కలిపింది వెతుక్కోండి. ఒంట్లో వేడని మన పెద్దవాళ్లు ఇచ్చే బార్లీ నీళ్లు, పాలల్లో కలిపే మాల్టు పొడులు కూడా మానాలి. ఇంట్లో చేసుకున్న రాగి జావకి దోషం లేదు. రాగి సంగటి, జొన్నరొట్టె, సజ్జలు, కొర్రలు, ఇడ్లీ, దోసె, పప్పులు, చేపల పులుసు హాయిగా తినొచ్చు. పండక్కి బొబ్బట్లు పోయినా పూర్ణాలు మిగిలాయి. హోటల్లో రవ్వదోసె వద్దు. పూరీలు వేసిన నూనెలోనే వడలు వేస్తారు, అవీ వద్దు.

పిండి మర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గోధుమలు ఆడించిన మరలోనే మన బియ్యమో జొన్నలో ఆడిస్తే ఆ పిండి ఇందులో కలుస్తుంది. మా ఇంట్లో కొంచెం కొంచెంగా మిక్సీలోనే పడుతున్నాం. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే మన దేశపు నిబంధన ప్రకారం గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఓట్స్ కొంటే ఆ గుర్తు ఉన్నవే కొనండి.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండక్కి మా అమ్మ నా పేరున ఆరోగ్య రొట్టె అందుకుంది. నేను కళ్లకద్దుకున్నాను, తినడం ఆమే తింది. పెళ్లిళ్లలో, గుళ్లలో రవ్వకేసరి పెట్టినప్పుడూ అంతే. కొంచెమే కదా అని బలవంతపెట్టేవాళ్లకి నేను మోచెయ్యి చూపిస్తాను, మళ్లీ అడగరు.

మీకు జబ్బు ఉన్నట్టు తేలితే ఇంకో పని చేయండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. మీ పిల్లలకీ, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లకీ, అమ్మానాన్నలకీ ఒంటిమీద ఏ దద్దూ లేకపోయినా సరే, టీటీజీ పరీక్ష చేయించమని చెప్పండి. ఇది రక్తసంబంధీకుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. వాళ్లు కూడా పరీక్ష అయ్యేదాకా చపాతీ మానకూడదు.