‘మారుమనస్సు పడి’ అనవచ్చునా?

సందేహం: మా సంఘంవారు అచ్చువేయించిన కరపత్రంలో ‘‘అతడు తన పాపములకై మారుమనస్సు పడి, ఎడతెగని ప్రార్థనలచేత దేవుని కృపను సంపాదించుకొనెను’’ అనే వాక్యం ఉంది. ‘మారుమనస్సు’ మంచి తెలుగు కాదనీ, దాన్ని ‘పశ్చాత్తాపం’గా దిద్దితే సరిపోతుందనీ ఒక మిత్రుడు అంటున్నారు. ఏది ఒప్పు? — ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఆ వాక్యంలో దిద్దవలసినవి క్రియలు, ‘మారుమనస్సు’ను అలాగే ఉంచండి. మారుపేరు, మారువేషం, మారుతల్లి అన్నప్పుడు వినిపించే ‘మారు’, అంటే ఒకదాని స్థానంలో మరొకటి అనే అర్థం, ఇందులోనూ వినిపిస్తుంది. తెలుగు మాట సంస్కృత పదంతో కూడిన మిశ్రసమాసమైనంత మాత్రాన అది మంచి తెలుగు కాకుండా పోదు. పశ్చాత్తాపమంటారా, ‘పశ్చాత్’ అంటే తరువాత, ‘తాపం’ అంటే వేదన. జరిగిపోయినదాన్ని తలచుకొని పడే బాధ అది. బాధపడిన ప్రతివాడూ దారి మళ్లుతాడని లేదు కాబట్టి ఈ రెండు మాటలనూ ఒకదానికొకటి పర్యాయపదాలుగా వాడడం క్షేమం కాదు.

ఈ భేదం ఎంత దూరం పోతుందో మత్తయి సువార్త 27వ అధ్యాయంలో కనిపిస్తుంది. యేసును 30 వెండి నాణేలకు అప్పగించిన యూదా, ఆయనకు శిక్ష పడిందని తెలిసి ‘పశ్చాత్తాపపడి’ ఆ సొమ్మును ప్రధానయాజకుల దగ్గరకు తిరిగి తెస్తాడు, పాపము చేసితినని వారి ఎదుటనే ఒప్పుకొంటాడు, వారు పట్టించుకోకపోయేసరికి నాణేలను దేవాలయంలో పారవేసి పోయి ఉరిపెట్టుకొంటాడు. అతని దుఃఖం బూటకం కాదు. ఒప్పుకోలు ఉంది, సొమ్మూ వాపసు ఇచ్చాడు. అయినా తెలుగు అనువాదకులు అక్కడ ‘మారుమనస్సు’ అనలేదు. గ్రీకు మూలంలోనూ అక్కడ ఉన్నది ‘మెటానోయా’కు (మారుమనస్సు అని అనువదించే గ్రీకు మాటకు) సంబంధించిన క్రియ కాదు, వేరొకటి. దైవచిత్తానుసారమైన దుఃఖము రక్షణార్థమైన మారుమనస్సును కలుగజేయునని, లోకసంబంధమైన దుఃఖము మరణమును కలుగజేయునని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో (7:10) ఉన్నది. మీ మిత్రుని సవరణను అంగీకరిస్తే ఆ వాక్యంలో దుఃఖం దుఃఖాన్నే కలుగజేస్తుందని చెప్పినట్లవుతుంది. అలాగని పశ్చాత్తాపం తక్కువరకం మాట అనుకోనక్కరలేదు. యోబు ధూళిలోను బూడిదెలోను కూర్చుండి పడినదీ పశ్చాత్తాపమే. కతోలికులు ‘మారుమనస్సు’కు బదులు ‘హృదయపరివర్తనము’ అంటారు. అందులోనూ ప్రధానమైనది మార్పే.

ఇక క్రియ విషయం. పశ్చాత్తాపం ‘పడతాం’, బాధ పడినట్లే. మారుమనస్సు ‘పొందుతాం’, ‘మారుమనస్సు పొందుడి’ అనేదే బాప్తిస్మమిచ్చు యోహాను ప్రకటన. ఈ ‘పొందు’ ఏదో అలవాటుకొద్దీ పడిన క్రియ కాదని నా అభిప్రాయం. అన్యజనులకును దేవుడు జీవార్థమైన మారుమనస్సు ‘దయచేసియున్నాడ’ని అపొస్తలుల కార్యములలో (11:18) ఉంది గదా, ఇచ్చేవాడొకడు ఉన్నప్పుడు పుచ్చుకొనేవాడు పొందుతాడు. ‘మనసు మార్చుకొను’ అంటే ఈ బరువు రాదు. తిరుపతి ప్రయాణం మానుకొన్నవాడు కూడా మనసు మార్చుకొన్నాననే అంటాడు. పొందేదే అయితే మనిషి చేతులు ముడుచుకొని కూర్చోవచ్చునా అని అడగవచ్చు. యోహాను అందుకు చోటు ఇవ్వలేదు: మారుమనస్సుకు తగిన ఫలము ఫలించుడన్నాడు, మేమేమి చేయవలెనని అడిగినవారికి, రెండు అంగీలు గలవాడు ఏమీ లేనివానికి ఒకటి ఇవ్వాలనీ, సుంకరులు నిర్ణయించినదానికంటె ఎక్కువ వసూలు చేయరాదనీ పనులు చూపించి మరీ చెప్పాడు.

కరపత్రంలో ఇంతకంటె పెద్ద పొరపాటు ‘కృపను సంపాదించుకొనెను’ అనడం. సంపాదించేది జీతం. ‘పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము ... నిత్యజీవము’ అనే రోమా పత్రిక వాక్యం (6:23) జీతానికీ వరానికీ ఉన్న వైరుద్ధ్యం మీదనే నిలబడింది. అక్కడి జీతానికి మూలంలో ఉన్నది సైనికుల బత్యాన్ని చెప్పే మాట: చేసిన కొలువుకు న్యాయంగా ముట్టేది, ఎగవేయడానికి వీలులేనిది. పాపం ఎంత తీవ్రమైనదో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. కృప అలా ముట్టేది కాదు, ప్రార్థనలకు ప్రతిఫలంగా లెక్కకట్టి అడగగలిగేది అంతకన్నా కాదు. గబ్రియేలు దూత యేసు తల్లి మరియతో ‘దేవునివలన నీవు కృపపొందితివి’ అన్నాడు. ఇక్కడా ‘పొందు’ ధాతువే వచ్చింది. కాబట్టి ‘‘అతడు మారుమనస్సు పొంది, ఎడతెగక ప్రార్థించుచు, దేవుని కృపను పొందెను’’ అని దిద్దండి. ‘పొందు’ రెండుసార్లు వచ్చిందని వెనుకాడవద్దు. ‘పాపములకై’ అన్నదాన్ని ఉంచదలిస్తే ‘పాపములకై దుఃఖపడి, మారుమనస్సు పొంది’ అనండి.

వాడుకలో ‘అయ్యో పాపం’ అని జాలిపడుతూ ఉండడంవల్ల పాపం అనే మాట పలచబడిందని కొందరు బోధకులు నొచ్చుకొంటారు. నాకైతే ఆ బెంగ లేదు. జాలిని తెలిపే ‘పాపం’ అవ్యయం. దానికి విభక్తి చేరదు. ‘పాపం, చేశాడు’ అన్నప్పటి విరామమే దానిని ‘పాపం చేశాడు’ నుంచి వేరుచేస్తుంది. పైగా ‘వాడి పాపం పండింది’ అని నేటికీ అంటున్న భాషలో, పాపము పరిపక్వమై మరణమును కనునన్న యాకోబు పత్రిక మాటకు (1:15) వ్యాఖ్యానం అక్కరలేదు.

అచ్చుకు పంపేముందు మరి రెండు చూసుకోండి. పశ్చాత్తాపంలో ‘త్తా’ ఒత్తుతో ఉండాలి, ‘పశ్చాతాపం’ తప్పు. సమాసంలో కృపావరము, కృపాసత్యములు అని ‘పా’ దీర్ఘమే ఉంటుంది, విభక్తి చేరినప్పుడు మాత్రం కృపచేత, కృపవలన అని హ్రస్వం.