ముందు ఆటుపోట్ల పట్టిక చూడు, నాయనా

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన 'కెయిర్న్స్‌లో పిల్లలతో ఐదు రోజులు' అనే ఆస్ట్రేలియా యాత్రా వ్యాసం అందింది. మూడో పేజీ దాకా ఓపిక పట్టి చదివాను. ఇక పక్కన పెట్టేద్దామనుకుంటుండగా ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పొద్దున్నే మీరంతా హోటల్లోంచి బయటికొచ్చి ఎస్ప్లనేడ్ అనే ఒడ్డు కట్ట మీద నిలబడ్డారు. ముందురోజు సాయంత్రం నీళ్ళున్న చోట ఇప్పుడు కనుచూపు మేర బురద. మీ చిన్నాడు "నాన్నా, సముద్రాన్ని ఎవరు తీసుకుపోయారు?" అని అడిగాడు. దాని కింద నువ్వు రాసింది ఇది: "అందరం పగలబడి నవ్వుకున్నాం. అక్కణ్ణించి స్కైరైల్ రోప్‌వేకి బయల్దేరాం."

ఆ నవ్వు చదివి నాకు ఒళ్ళు మండింది. అది లేకపోతే "బాగుంది, రాస్తూ ఉండు" అని రెండు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. అలాంటి జవాబులు చాలామందికి రాశాను. ఎవరికీ ఏ ఉపకారమూ జరగలేదు.

నీ వ్యాసం మొత్తంలో ఆ ఊరిని కళ్ళు తెరిచి చూసినవాడు ఆ నాలుగేళ్ళవాడొక్కడే. వాడు అడిగింది మామూలు ప్రశ్న కాదు. రాత్రికి రాత్రి సముద్రం మాయమైతే నువ్వైనా నేనైనా అడగాల్సిన ప్రశ్నే. మనకి జవాబు తెలుసునన్న ధీమాతో అడగడం మానేశాం, అంతే. నిజంగా తెలుసా? నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అనుమానమే. ఐదు రోజుల్లో ఒక్కచోట కూడా పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు అన్న మాట లేదు. ప్రతి రోజూ "ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాం" అని మొదలవుతుంది. సముద్రానికి ఎనిమిది గంటలతో పనిలేదు నాయనా. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతూ పోతుంది. మీరున్న ఐదు రోజుల్లో మూడు గంటల పైచిలుకు జరిగి ఉంటుంది. మొదటి రోజు పొద్దున బురద కనిపించిన వేళకే ఆఖరి రోజు వెళ్ళి నిలబడితే నీళ్ళు వేరే చోట ఉంటాయి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఇంకా ముందుకొస్తుంది, ఆటు ఇంకా వెనక్కి పోతుంది. అష్టమి దగ్గర రెండూ మెత్తబడతాయి. మీరు వెళ్ళింది ఏ తిథుల్లో? అక్కడి వాతావరణ శాఖ ప్రతి రేవుకీ ఈ వేళలు ముందుగానే ప్రకటిస్తుంది. సముద్రపుటొడ్డు గురించి రాసేవాళ్ళు పెన్ను పట్టే ముందు ఆ పట్టిక చదవాలి. ఇది నా మూఢనమ్మకమనుకో, చాదస్తమనుకో. ఆటుపోట్లు లేని సముద్ర యాత్రని నేను నమ్మను. ఆ రాసిన మనిషి ఒడ్డు దాకా వెళ్ళాడని కూడా నమ్మను.

ఈ చాదస్తం వల్ల నేను పడ్డ మాటలు తక్కువేం కాదు. నా పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఒక వేసవిలో సముద్రం పక్కన గడిపిన రోజుల గురించి రాసి ఒక వారపత్రికకి పంపాను. తిరుగు తపాలాకి బిళ్ళలంటించిన కవరు కూడా జతచేసి పంపే రోజులవి. పోటొచ్చేలోపు పిల్లలు కట్టుకున్న ఇసుక గోడ, అది కూలాక వాళ్ళ తగువు, అదే వ్యాసం. సంపాదకుడిగారి జవాబు ఇప్పటికీ గుర్తుంది: "యాత్రా రచన అంటే యాత్రా రచనలా ఉండాలి. పిల్లల సంగతులు మహిళల పేజీకి పంపుకోండి." అదే పత్రికలో ఆ నెలలోనే ఒక పెద్దమనిషి ఒంటరిగా కొండలెక్కి వచ్చి, దారిలో తన కాలి బొబ్బల గురించి పేజీన్నర రాశాడు. ఆయన బొబ్బలు సాహిత్యం, నా పిల్లల ఇసుక గోడ వంటింటి వ్యవహారం! ఆ తర్వాత కాలం మారింది, ఇంకో జబ్బు వచ్చింది. ఆదివారం అనుబంధాల వాళ్ళకి 'చూడదగ్గ పది ప్రదేశాలు' కావాలి, పక్కన ఒక డబ్బాలో ఎలా వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి, ఎంతవుతుంది. నీ వ్యాసం ఆ డబ్బాలోంచి ఊడిపడింది. నువ్వు పుట్టకముందే ఆ అలవాటు మొదలైంది కాబట్టి తప్పంతా నీదనను.

సరే, బురద దగ్గరికి రా. "ఊరి ముందు తీరం అసహ్యంగా, బురదగా ఉంది, పిల్లలకి చూపించేందుకు ఏమీ లేదు" అని రాశావు. ట్రినిటీ ఇన్‌లెట్ అనే పాయ నోటి దగ్గర, మడ అడవుల పక్కన కట్టిన ఊరది. 1876లో లోపలి బంగారు గనులకి రేవు కావాలని పెట్టారు తప్ప స్నానాలకి బాగుంటుందని కాదు. ఆటు వేళ ఆ కట్ట మీద చతికిలబడి కాసేపు కదలకుండా కూర్చుంటే బురదంతా కదలడం మొదలవుతుంది. ఒక పెద్ద డెక్క, ఒక చిన్న డెక్క ఉన్న మగ ఫిడ్లర్ పీతలు ఆ పెద్దదాన్ని ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తాయి. నీళ్ళు వదిలి బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపలుంటాయి. ఇక పక్షులు. ఈస్టర్న్ కర్లూకి ముక్కెంత పొడుగంటే దాన్ని చూసి నవ్వని పిల్లలుండరు. బార్ టెయిల్డ్ గాడ్విట్ అని ఇంకొకటి ఉంది. 2022 అక్టోబరులో ఈ జాతి పక్షి ఒకటి అలాస్కాలో లేచి, ఎక్కడా వాలకుండా 11 రోజులు ఎగిరి, 13,560 కిలోమీటర్ల అవతల టాస్మేనియాలో దిగింది. దాని వయసు 5 నెలలు. నువ్వు వెళ్ళింది జులైలో కాబట్టి పెద్ద పక్షులు చాలామటుకు గుడ్లు పెట్టడానికి ఉత్తరానికి పోయి ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ఈడు రాని పిల్లపక్షులే ఆ బురదలో మిగిలి తిని బలుస్తుంటాయి. అమ్మానాన్నలు ఊరెళ్తే పిల్లలు మాత్రమే ఉండిపోయిన తీరం అది. మీ పెద్దమ్మాయికి ఈ సంగతి చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నం ఫోన్ అడిగేదా? పక్షుల్ని చూసేవాళ్ళు పోటు నిండడానికి గంట రెండు గంటల ముందు వస్తారు. నీళ్ళు వెనకనుంచి తరుముతుంటే పక్షులు కట్ట దగ్గరికి జరుగుతాయి. చూశావా, మళ్ళీ ఆ పట్టికే.

లగూన్ గురించి నువ్వు రాసిన పేరా మొత్తం పొగడ్తలే. "అద్భుతమైన ఈతకొలను, ప్రవేశం ఉచితం." బాగుంది. ఎదురుగా సముద్రం పెట్టుకుని ఒక ఊరు 2003లో ఒడ్డునే 4,800 చదరపు మీటర్ల ఉప్పునీటి కొలను ఎందుకు కట్టుకుంది? ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు నువ్వు. ముందున్నది బురద, ఆ నీళ్ళలో మొసళ్ళు తిరగొచ్చు, నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీచేపల కాలం. సముద్రం పక్కనే ఉండి సముద్రంలోకి దిగలేని ఊరు. వేడిదేశపు తీరంలో పిల్లల సెలవులంటే అసలు కథ అక్కడుంది. నువ్వు దాన్ని "జాగ్రత్తలు" అనే చిన్న శీర్షిక కింద రెండు వాక్యాల్లో పూడ్చేశావు.

ఉత్తరపు తీరాల్లో స్తంభానికి తగిలించిన వినెగర్ సీసా ఫొటో పంపావు, దాని పక్కన మీవాడు నవ్వుతూ నిలబడ్డాడు. కుట్టినచోట ఇంకా పేలకుండా మిగిలిన విషకణాల్ని అలాగే ఆపడానికి అది అక్కడ పెడతారు. ఇప్పుడొక సంగతి చెబుతాను. జాక్ బార్న్స్ అని కెయిర్న్స్‌లో ఒక డాక్టరుండేవాడు. ఈతకెళ్ళిన వాళ్ళు కుట్టిన గుర్తు సరిగ్గా కనపడకుండానే కాసేపటికి విపరీతమైన నొప్పులతో, వాంతులతో మెలికలు తిరుగుతూ ఆస్పత్రికి వస్తుండేవారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఆయన నీళ్ళలో వెతికి వెతికి గోరంత జెల్లీచేపని పట్టుకున్నాడు. అదే కారణమని తేల్చడానికి 1961లో దాన్ని తనకి కుట్టించుకున్నాడు, ఒక లైఫ్‌గార్డుకి కుట్టించాడు, తన తొమ్మిదేళ్ళ కొడుక్కీ కుట్టించాడు. ముగ్గురూ ఆస్పత్రి పాలయ్యారు, ముగ్గురూ బతికారు. ఆ జీవికి తర్వాత ఆయన పేరే పెట్టారు, కారూకియా బార్నెసి అని. లోకానికి మేలు చేశాడంటారు. చేశాడు. నేను మాత్రం ఆ తండ్రిని క్షమించలేదు. ఆ కొడుకు ఆ సాయంత్రం ఏమనుకున్నాడో అని చాలాసార్లు ఆలోచించాను. నువ్వూ ఒక తండ్రివే, అదే ఊళ్ళో, అలాంటి తీరంలోనే కొడుకుని సీసా పక్కన నిలబెట్టి ఫొటో తీశావు. ఆ సీసా వెనక కథ తెలిసిన తండ్రి చేతిలో వాక్యం ఇలా చప్పగా ఉండదు.

స్కైరైల్‌కి రెండు పేజీలు ఇచ్చావు. 7.5 కిలోమీటర్లు, 1995లో మొదలు, ఇదంతా వాళ్ళ కరపత్రంలోనే ఉంటుంది. కురాండాకి కొండెక్కే రైలు 1891 నాటిదని కూడా రాశావు. దారిలో 15 సొరంగాలున్నాయే, మీ పిల్లలు లెక్కపెట్టలేదా? చీకటైనప్పుడల్లా ఎవరు అరిచారు? లెక్క తప్పి ఎవరు ఏడ్చారు? అది కావాలి నాకు. పగడపు దీవి సంగతీ అంతే. గ్రీన్ ఐలాండ్ వెళ్ళారు, "రంగురంగుల చేపలు కనువిందు చేశాయి" అన్నావు. ఆ వయసు పిల్లలకి మాస్కు సరిగ్గా అమరదు, ముక్కులోకి ఉప్పునీళ్ళు పోతాయి, దాంతో సగం సేపు ఒడ్డున కూర్చుంటారు. ఆ సగం సేపు ఏమైంది?

మా మనవరాలితో మేమూ ఒకసారి ఆ తీరాలకి వెళ్ళాం. ఆటుకి బయటపడిన ఇసుక మీద బఠానీ గింజంత పీతలు ఇసుకని నోటితో జల్లించి, తిండి తీసుకుని, మిగిలింది చిన్న చిన్న ఉండలుగా వదిలేస్తుంటాయి. బొరియ చుట్టూ ఆ ఉండలు కిరణాల్లా పరుచుకుంటాయి. పోటొస్తే మొత్తం తుడుచుకుపోతుంది, మళ్ళీ ఆటుకి మొదటినుంచి. మా పిల్ల ఒక బొరియ ముందు గొంతుక్కూర్చుని లేవనంది. అల్లుడు పడవ టిక్కెట్లు చేత్తో పట్టుకుని గడియారం చూసుకుంటున్నాడు. పడవ పోయింది. డబ్బూ పోయింది. ఆ పూట దంపతులు మాట్లాడుకోలేదు. ఆ పేరా నేను రాసినవాటిలో నాకిష్టమైన వాటిలో ఒకటి. అచ్చులో లేదు. దాని చోట బీచ్ రిసార్ట్ బొమ్మ వేశారు. ఫోన్ చేసి అడిగితే "పీతల గురించి ఎవరు చదువుతారండీ" అన్నాడు ఆ డెస్క్ కుర్రాడు. నీలాగే మర్యాదస్తుడు.

ఇంకొకటి. మీ ఆవిడ వ్యాసంలో ఒకే ఒక్కసారి కనిపిస్తుంది, సన్‌స్క్రీన్ హోటల్లో మర్చిపోయిన చోట. మిగతా రోజులన్నీ అది పిల్లల వీపులకి రాసిందెవరు? తడి బట్టలు ఆరేసిందెవరు? "కుటుంబంతో" అని పేరు పెట్టినప్పుడు ఆ కుటుంబంలో ఒక మనిషి తగ్గితే చదివేవాళ్ళకి తెలుస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్ళకి. తిరగరాసే ముందు ఆమెని కూర్చోబెట్టి ఆ ఐదు రోజులూ చెప్పమను. నీకు గుర్తులేనివి సగం బయటికొస్తాయి.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం వేస్తే ఎవరైనా కొంటారా, పేరు పక్కన ఊరి పేరు పెట్టుకోవచ్చా అని చివర ఏవేవో అడిగావు. ఇవన్నీ తర్వాత చూద్దాం.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది: మొదటి మూడు పేజీలూ కొట్టెయ్. విమానం, సామాను, హోటల్ గది, ఏదీ వద్దు. మీవాడు అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టు. వెంటనే జవాబు చెప్పి సైన్సు పాఠం చేయకు. వాణ్ణి అదే చోటికి సాయంత్రం తీసుకెళ్ళావా, మర్నాడు తీసుకెళ్ళావా, నీళ్ళు తిరిగొచ్చినప్పుడు ఏమన్నాడు, అది రాయి. తీసుకెళ్ళకపోతే తీసుకెళ్ళలేదని రాయి. లేనిది కల్పిస్తే నేను పట్టుకుంటాను.

మార్చి పంపేటప్పుడు ఫొటోలు వద్దు. అక్షరాలు పెద్ద సైజులో పెట్టు, కళ్ళద్దాలు మార్పించుకునే పని నాకింకా కాలేదు. మీరున్న ఐదు రోజుల ఆటుపోట్ల పట్టిక తప్పకుండా జతచెయ్యి. నువ్వు రాసిన వేళలతో వరసపెట్టి సరిచూస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ