పిల్లలతో దేశదేశాల క్రిస్మస్ బొమ్మలు, విజయవాడలో దొరికే సరుకుతోనే

వందనాలు సిస్టర్. మీ సండే స్కూల్లో ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలున్నారని, వేరే వేరే దేశాల క్రిస్మస్ వస్తువులు చేయించాలనుందని, ఆన్‌లైన్ కిట్లేమో ఖరీదుగా ఉన్నాయని రాశారు. మాదీ విజయవాడే. డిసెంబర్ వచ్చిందంటే మా సంఘం పిల్లలతో నేను చేసేది ఈ పనే. దయచేసి కిట్లు కొనకండి. వాటిలో అన్నీ ముందే కత్తిరించి ఉంటాయి, పిల్లలకి జిగురు రాయడం ఒక్కటే మిగులుతుంది. ఆ వస్తువుని ఆ దేశంలో ఎందుకు చేస్తారో కాసేపు చెప్పి, మన చుట్టూ దొరికే వాటితో చేయిస్తే పిల్లలకి చాలాకాలం గుర్తుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫిన్లాండ్ వాళ్ల హిమ్మెలి. గడ్డి పుల్లల్లోకి దారం ఎక్కించి కట్టి, పైనుంచి వేలాడదీసే అలంకారం అది. వచ్చే ఏడు పంట బాగా పండాలని క్రిస్మస్‌కి భోజనాల బల్ల మీద కట్టి, నడివేసవి దాకా అలాగే ఉంచేవారట. లిథువేనియాలో కూడా ఇలాంటి గడ్డి అల్లికలున్నాయి, వాటికి 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వాళ్లది రై అనే ధాన్యపు గడ్డి, మనకి వరిగడ్డి ఉంది. సరిగ్గా ఇప్పుడే కృష్ణా డెల్టాలో కోతలవుతాయి కదా, కంకిపాడు వైపు తెలిసిన రైతులుంటే అడగండి. హార్వెస్టర్‌తో కోసిన గడ్డి నలిగిపోయి పనికిరాదు, చేత్తో కోసినదే కావాలి. పైన ఉన్న ఆకు తొడుగు తీసేసి, కణుపులు వదిలేసి, మధ్యలో బోలుగా ఉన్న భాగాన్ని చిటికెన వేలంత పొడవు ముక్కలు చేయండి. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెడితే చీలవు. ఒక బొమ్మకి 12 ముక్కలు. నాలుగింటిని దారంతో చతురస్రంగా కట్టాలి. ప్రతి మూల నుంచి ఒక ముక్క పైకి, ఒక ముక్క కిందికి పోనిచ్చి, పై నాలుగు కొసలూ ఒకచోట, కింది నాలుగు కొసలూ ఒకచోట ముడి వేయాలి. అలాంటివి నాలుగైదు కలిపి కడితే చిన్న గాలికే తిరుగుతాయి. ఇది చేస్తూ మన పల్లెల్లో పిచ్చుకల కోసం వసారాలో కట్టే వరికంకుల కుచ్చుల గురించి పిల్లలకి చెప్పండి. మా పిల్లల్లో చాలామంది వాటిని చూడనేలేదు. ఒక పిల్లవాడి నాయనమ్మ స్వయంగా వచ్చి కుచ్చు అల్లడం నేర్పారు. ఆ రోజు ఎవరూ టైముకి ఇంటికెళ్లలేదు.

తర్వాత ఫిలిప్పీన్స్ నక్షత్రం, పరోల్. అక్కడ డిసెంబర్ 16 నుంచి 24 దాకా తెల్లవారకముందే ఆరాధనకి వెళ్తారు, ఆ రోజుల్లో దారి పొడవునా ఈ లాంతర్లు వెలుగుతుంటాయి. జ్ఞానులకి దారి చూపిన చుక్కకి గుర్తు అది. మన ఇళ్ల ముందు కట్టే స్టార్‌దీ అదే కథ కాబట్టి పిల్లలు వెంటనే అందుకుంటారు. కొబ్బరి ఈనెలు మొదలు వైపు మందంగా ఉన్నవి తీసుకుని, ఐదింటితో ఒక చుక్క చొప్పున రెండు చుక్కలు కట్టించండి. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొనలూ రబ్బరు బ్యాండ్లతో బిగించాలి. లోపల ఈనెలు కలుసుకునే ఐదు చోట్లా చిన్న పుల్లలు అడ్డం నిలబెడితే మధ్యలో ఉబ్బుతుంది. పైన గాలిపటాల కాగితం అంటించండి, సంక్రాంతి దగ్గరపడుతుంది కాబట్టి రంగులకి లోటుండదు. కింది రెండు కొనలకి కాగితపు కుచ్చులు వేలాడాలి, అవి లేకపోతే పరోల్ అనిపించదు. పెద్దది కావాలంటే బుట్టలు అల్లేవాళ్లని అడిగి వెదురు బద్దలు తెచ్చుకోండి. లోపల చిన్న ఎల్‌ఈడీ లైటే పెట్టండి, కొవ్వొత్తి వద్దు.

ఐదారేళ్ల వాళ్లకి కమలాపండు చాలు. మొరావియన్ సంఘం అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ వాళ్లు 1747లో జర్మనీలో పిల్లలకి ఎర్ర రిబ్బన్ కట్టిన కొవ్వొత్తులు ఇచ్చారు. ఆ ఆచారమే తర్వాత ఇంగ్లండ్‌లో కమలాపండుతో క్రిస్టింగిల్‌గా స్థిరపడింది. పండు లోకం, చుట్టూ ఎర్ర రిబ్బన్ క్రీస్తు రక్తం, మధ్యలో కొవ్వొత్తి ఆయన వెలుగు, నాలుగు టూత్‌పిక్‌లకి గుచ్చిన ఎండుద్రాక్షలు నాలుగు రుతువులు. సువార్త మొత్తం అరచేతిలో పట్టే ఇలాంటి వస్తువు నాకు ఇంకొకటి తెలియదు. వెలిగించడం మాత్రం పెద్దవాళ్లే చేయాలి, జడలున్న పిల్లల్ని కాస్త ఎడంగా నిలబెట్టండి.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి డెన్మార్క్ వాళ్ల కాగితపు హృదయాలు నేర్పొచ్చు. ఎరుపొకటి, తెలుపొకటి మడిచిన కాగితాలు, వాటి పట్టీలు ఒకదాని లోపల నుంచి ఇంకొకటి దూరుతూ అల్లుకుని చిన్న సంచిలా తెరుచుకుంటాయి. పిల్లల కథల రచయిత ఆండర్సన్ 1860లో చేసినది ఇప్పటికీ ఉంది. అందులో పల్లీ చిక్కీ వేసి చెట్టుకి తగిలించండి.

అందరూ కలిసి చేసేది ఒకటి ఉండాలి, దానికి యేసు పుట్టిన పశువుల పాకే సరి. పోలండ్‌లోని క్రాకోవ్‌లో తమ ఊరి పాత భవనాల ఆకారంలో, మెరిసే రేకు కాగితాలతో పశువుల పాకలు కట్టి పోటీ పెడతారు. అది 1937లో మొదలైంది, 2018లో యునెస్కో జాబితాలో చేరింది. మేము ఆ పద్ధతిలో ప్రకాశం బ్యారేజీ గేట్లు, వెనక ఇంద్రకీలాద్రి కొండ పెట్టి, చాక్లెట్ రేకులతో కృష్ణ నీళ్లు చేశాం. ఆవులు, రైతులు కొండపల్లి బొమ్మలే. తెల్లపొణికి చెక్క ఎంత తేలికంటే అట్టపెట్టె కప్పు మీద నిలబెట్టినా వంగదు. యేసు మన ఊళ్లో పుడితే ఎక్కడ పుట్టేవాడని అడిగితే పిల్లలు చెప్పే జవాబులు మీరే విని తీరాలి.

మెక్సికో పినాటా కూడా చేయించొచ్చు, లోపల మిఠాయిలు నింపి వేలాడదీసి కర్రతో పగలగొట్టే ఏడు కొమ్ముల నక్షత్రం అది, ఏడు పాపాలకి గుర్తు. మన ఉట్టి తెలిసిన పిల్లలకి వివరించక్కర్లేదు. కుండ వద్దు, పెంకులు నెత్తిన పడతాయి. బెలూన్ మీద మైదా జిగురుతో పేపర్ నాలుగు పొరలు వేయండి. పొర పొరకీ ఆరాలి కాబట్టి ఇది డిసెంబర్ మొదటి వారంలోనే మొదలుపెట్టండి. మిగతావి ఆదివారానికి ఒకటి చొప్పున సరిపోతాయి.