కొండెక్కడానికి 37 ఏళ్లు

ప్రశ్న: ‘స్ట్రేంజర్ థింగ్స్’ చూశాక మా అమ్మాయి ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ పాటే రోజంతా పెడుతోంది. పాడినావిడ కొత్త గాయనా? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: కొత్తావిడేం కాదమ్మా, కేట్ బుష్! 1958లో ఇంగ్లండ్‌లో పుట్టారు. ఆ పాట 1985 నాటిది. అప్పుడు బ్రిటన్ పాటల చార్టులో మూడో స్థానం దగ్గర ఆగిపోయి, ఈ సిరీస్ పుణ్యమా అని 2022లో మొదటి స్థానానికి చేరింది. అంతకుముందే, 1978లో, 19 ఏళ్లకే ‘వదరింగ్ హైట్స్’తో నంబర్ వన్ అయ్యారు. సొంతంగా రాసుకున్న పాటతో అక్కడ ఆ స్థానం అందుకున్న తొలి గాయని ఆవిడే. ఆ గొంతు మొదట నాకు కీచుగా అనిపించింది, దాచడమెందుకు! మూడోసారి విన్నాక వదల్లేకపోయాను. కచేరీలంటారా, 1979 టూర్ తర్వాత మళ్లీ 2014లోనే: లండన్‌లో 22 రాత్రులు.