సింగపూర్‌లో ఉంటున్న దంపతులకు అమెరికా వీసా: కె-3 మేలా, సీఆర్-1 మేలా?

మీరు అమెరికా పౌరులు, మీ భార్య భారత పౌరురాలు, పెళ్లయి ఏడాది దాటింది, ఇద్దరూ సింగపూర్‌లోనే ఉన్నారు. ఇక కె-3 (అమెరికా పౌరుల జీవిత భాగస్వామికి ఇచ్చే తాత్కాలిక వీసా) ఊసు వదిలేయండి. దానికీ ముందు ఐ-130 (భార్య కోసం వేసే బంధుత్వ పిటిషన్) వేయాల్సిందే, అది ఆమోదం పొందితే కె-3కి ఇక పనే లేదు. నేరుగా సీఆర్-1 (పెళ్లయి రెండేళ్లు నిండని భాగస్వామికి ఇచ్చే వలస వీసా) దారి పట్టండి. ఆవిడ అమెరికాలో దిగిన నాటి నుంచే శాశ్వత నివాసి, ఉద్యోగానికి వేరే అనుమతి అక్కర్లేదు.

అసలు చిక్కు ఐ-864 (భార్యకు మీరిచ్చే ఆర్థిక హామీ పత్రం) దగ్గర వస్తుంది. స్పాన్సర్, అంటే ఆ హామీ ఇచ్చే మీ స్థిర నివాసం అమెరికాలో ఉండాలి. బయట ఉన్నవారు భార్యతో పాటుగానో ముందుగానో తిరిగి వెళ్తున్నామని చూపాలి: అక్కడి ఉద్యోగ ఆఫర్, అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా లాంటివి. సింగపూర్ జీతం ఎంత ఘనంగా ఉన్నా, వెళ్లాక ఆగిపోయేదైతే లెక్కలోకి రాదు. అమెరికాలోని అన్నగారు జాయింట్ స్పాన్సర్‌గా (మీతో పాటు హామీ ఇచ్చే వ్యక్తిగా) సంతకం చేస్తే ఆదాయం లోటు తీరుతుంది గానీ, నివాసం సంగతి మీరే నిరూపించుకోవాలి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. విదేశంలో ఉన్నా అమెరికా పన్ను రిటర్నులు వేసి ఉండాలి సుమా.

ఇంటర్వ్యూ సింగపూర్‌లోనే ఇవ్వొచ్చు, ఆవిడ పోలీసు ధ్రువపత్రాలు మాత్రం భారత్, సింగపూర్ రెండు దేశాలవీ సిద్ధం చేసుకోండి.

పెళ్లయి రెండేళ్లు నిండాక అడుగుపెడితే ఐఆర్-1 కింద పదేళ్ల గ్రీన్‌కార్డు వస్తుంది, ఐ-751 (సీఆర్-1తో వచ్చే రెండేళ్ల కార్డుపై షరతులు తొలగించమని వేసే దరఖాస్తు) బెడద తప్పుతుంది. వీసా గడువు అనుమతిస్తే ప్రయాణం కొన్ని వారాలు వెనక్కి జరుపుకోవడమే తెలివి.